తోడేలుని పురుగు అన్నవాళ్లు

టర్కీ వాళ్ల చారిత్రక సీరియల్స్ మన ఇళ్లలోకి బాగానే వచ్చేశాయి. గుర్రాలు, గుడారాలు, కత్తులు, మధ్యలో ఒక పెద్దాయన గడ్డం నిమురుకుంటూ చెప్పే డైలాగులు. మా ఇంట్లో రాత్రి భోజనాల టైంకి అదే నడుస్తుంటుంది. అందులో హీరో తెగ వాళ్లకి 'కుర్ట్' అన్న మాట ఊతపదం. తెర కింద 'తోడేలు' అని పడుతుంది. మేం తోడేలు బిడ్డలం, తోడేలు ఎవడికీ తల వంచదు, ఇలాంటి మాటలు. మా ఆవిడకి వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. నాకేమో నవ్వు ఆగదు.

నేను ఎంబీబీఎస్ చదివింది కిర్గిజ్‌స్థాన్‌లో, బిష్కెక్‌లో. కిర్గిజ్ భాషలో కుర్ట్ అంటే పురుగు. పిల్లల వార్డులో పోస్టింగ్ పడ్డప్పుడు తెగ విన్న మాట అది. పొట్ట ఉబ్బి, పడుకుంటే పళ్లు కొరికే పిల్లాణ్ని తీసుకొచ్చిన తల్లి, మేం ఏమీ అడక్కముందే 'కుర్ట్' అనేసేది. నులిపురుగులని అర్థం. ఆపిల్ కోస్తే లోపల మెలికలు తిరిగేదీ కుర్టే. అలాంటి చెవులతో ఈ సీరియల్ చూస్తే, ఒళ్లంతా ఇనుప తొడుగు వేసుకున్న వీరుడు గుండె మీద గుద్దుకుని "నేను పురుగుని!" అని గర్జించినట్టే ఉంటుంది.

అవి రెండు వేరే భాషలు, ఏదో శబ్దం కలిసిందిలే అని వదిలేయొచ్చు. కానీ టర్కీ భాషా కిర్గిజ్ భాషా ఒకే తుర్కిక్ కుటుంబానివి, మన తెలుగూ కన్నడమూ చుట్టాలైనట్టు. పైగా టర్కీ వాళ్ల భాషలోనే ఈ రోజుకీ కుర్ట్‌కి రెండు అర్థాలూ ఉన్నాయి. అడవిలో తిరిగేదీ కుర్టే, కర్రని తొలిచేదీ కుర్టే. పుచ్చిన ఆపిల్‌ని 'కుర్ట్లు' అంటారు. ఎవరి మీదైనా అనుమానం మొదలైతే 'లోపల కుర్ట్ పడింది' అంటారు, మనం అనుమానం పురుగులా తొలిచేస్తోంది అన్నట్టే. ఎప్పుడూ చదువుతూ కూర్చునేవాణ్ని 'కితాప్ కుర్దు' అంటారు. అచ్చం మన పుస్తకాల పురుగు. భాష కొత్తగా నేర్చుకునేవాళ్లు దాన్ని పుస్తకాల తోడేలు అనుకుని మురిసిపోయినా తప్పులేదు.

మరి ఈ రెండిట్లో ముందు వచ్చిన అర్థం ఏది? పురుగే. కజఖ్, ఉజ్బెక్, కిర్గిజ్, తాతార్, ఎటు చూసినా ఆ మాటకి పురుగు అనే అర్థం. ఉజ్బెకిస్థాన్‌లో పట్టుపురుగుని 'ఇపాక్ కుర్తి' అంటారు. తాతార్లు తేనెటీగని 'బాల్ కోర్తి' అంటారు, తేనె పురుగు అని. తోడేలు అనే అర్థం పడమటికి పోయిన వాళ్లలోనే స్థిరపడింది: ఇప్పటి టర్కీ, అజర్‌బైజాన్ వైపు. వాళ్ల పూర్వీకుల్ని ఓఘుజ్‌లు అంటారు.

ఈ సంగతి కనిపెట్టడానికి ఇప్పటి ప్రొఫెసర్లు రానక్కర్లేదు. 11వ శతాబ్దంలోనే మహమూద్ అల్ కాష్గరీ రాసిపెట్టాడు. బాగ్దాద్‌లో కూర్చుని, 1072 ప్రాంతంలో, అరబ్బులకి తుర్కుల మాటలు వివరిస్తూ ఆయన ఒక పెద్ద నిఘంటువు మొదలుపెట్టాడు. ఏ తెగ ఏ మాట ఎలా పలుకుతుందో, ఏ ఊరి వాళ్లు మాటని ఎలా తింటారో అన్నీ చెప్తాడు. అందులో కుర్ట్ దగ్గర, తుర్కులందరికీ ఇది పురుగు, ఓఘుజ్‌లకి మాత్రం తోడేలు అని ఉంది. ఆ నిఘంటువు మనకి దొరకడం కూడా అదృష్టమే. ప్రపంచం మొత్తానికి ఒక్కటే రాతప్రతి మిగిలింది, 1266లో ఎత్తిరాసింది. 1910ల్లో ఇస్తాంబుల్ పాత పుస్తకాల అంగట్లోకి వస్తే అలీ ఎమీరీ అనే పుస్తకాల పిచ్చాయన కొన్నాడు. ఆయన కన్ను దాని మీద పడకపోయుంటే ఈ పోస్టులో సగం రాయడానికి నాకు ఆధారం ఉండేది కాదు.

తోడేలుకి తుర్కులందరూ వాడిన పాత మాట 'బోరి'. తెలుగులో సరిగ్గా రాయడం కుదరదు. బే అంటున్నట్టు నాలుకని పెట్టి, పెదాల్ని మాత్రం బో అన్నట్టు గుండ్రంగా చుట్టాలి. 732లో, ఇప్పటి మంగోలియాలోని ఓర్ఖాన్ లోయలో, తుర్కుల రాజు బిల్గే కాగన్ (కాగన్ అంటే చక్రవర్తి) తన తమ్ముడు కుల్ తెగిన్ పేరు మీద ఒక రాయి నిలబెట్టాడు. తుర్కిక్ భాషలో మనకి దొరికిన తొలి పెద్ద శాసనాల్లో అదొకటి. అందులో ఆకాశ దేవుడు బలం ఇచ్చాడు కాబట్టి మా నాన్న కాగన్ సైన్యం బోరిలా ఉండేది, శత్రువు గొర్రెలా ఉండేవాడు అని రాయించాడు. చైనా వాళ్ల చరిత్రల్లో కూడా ఈ మాట ఉంది. తుర్కు రాజుల అంగరక్షకుల్ని 'ఫూలీ' అంటారు, అంటే తోడేలు అని రాసుకున్నారు. బోరి వాళ్ల నోట్లో అలా అయింది. ఆ రాజుల జెండా మీద బంగారు తోడేలు తల ఉండేదట, వాళ్ల వంశానికి మూలం ఒక ఆడతోడేలట.

ఈ బోరి కూడా తుర్కుల సొంత మాట కాకపోవచ్చు. పక్కనే తిరిగిన ఇరానీ సంచార జాతుల నుంచి వచ్చిందని ఒక బలమైన వాదన ఉంది. వాళ్లలో శకుల మాట 'బిర్గ', ఇప్పటికీ కాకసస్ కొండల్లో ఉన్న ఓసెట్‌ల మాట 'బిరెగ్'. పాత ఇరానీ మతగ్రంథం అవెస్తాలో 'వెహ్ర్క', సంస్కృతంలో 'వృక'. అక్కడికి మన ఇంటికే వచ్చేశాం. భీముడు వృకోదరుడు కదా, తోడేలు పొట్టవాడు. ఆ వాదన నిజమైతే కుల్ తెగిన్ రాతి మీది తోడేలూ మన భీముడి పొట్టలోని తోడేలూ దూరపు బంధువులు.

కాష్గరీ దగ్గర నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. ప్రసవం అయ్యాక తుర్కులు మంత్రసానిని ఏమని అడుగుతారో రాశాడు: "నక్క పుట్టిందా, బోరి పుట్టిందా?" నక్క అంటే ఆడపిల్ల, బోరి అంటే మగపిల్లాడు. లేబర్ రూమ్ తలుపు తీసుకుని బయటికి రాగానే ఎదురయ్యే ముసలమ్మ ముఖం నాకు రోజూ అలవాటే. మన దగ్గర ఆడపిల్ల పుడితే మహాలక్ష్మి పుట్టిందంటారు, అన్నవాళ్లలో సగంమంది ముఖం మాత్రం నక్క పుట్టినట్టే పెడతారు. సరే, అది వేరే పోస్టు.

ఇంత గొప్పగా చెప్పుకునే జంతువుకి, ఉన్న పేరు తీసేసి పురుగని ఎందుకు పెట్టారు? చాలామంది భాషావేత్తలు చెప్పే కారణం భయం. పేరు పెట్టి పిలిస్తే వచ్చేస్తుంది. కాబట్టి పేరు ఎత్తకూడదు, ఇంకేదో అనాలి.

ఈ కారణం తెలుగువాడికి అట్టే వివరించక్కర్లేదు. నేను పనిచేసేది పొలాల మధ్య ఉన్న ఆస్పత్రిలో. వానాకాలం మొదలైతే రాత్రి తొమ్మిది దాటాక బండి మీద మధ్యలో ఒకణ్ని కూర్చోబెట్టుకుని ఇద్దరు వస్తారు. "ఏమైంది?" అంటే "పురుగు ముట్టింది సార్" అంటారు. పాము అనరు. కాలి మీద రెండు గాట్లు స్పష్టంగా కనిపిస్తున్నా, చంపి గోతంలో వేసుకొచ్చి గుమ్మం దగ్గర పెట్టినా, నోటితో మాత్రం పురుగే. కరిచింది అని కూడా అనరు, ముట్టింది అంటారు. పక్కనున్న పెద్దమనిషి "ఏం పురుగో చూశావా తాతా?" అని అడిగితే, ముసలాయన "పెద్ద పురుగే బాబూ" అంటాడు. సిటీలో చదివొచ్చిన కొత్త నర్సమ్మ కేసు షీటు మీద పురుగు కాటు అని రాయబోతే, పక్కనున్న ఆయమ్మ "పాము అని రాయమ్మా" అని చెవిలో చెప్తుంది. ఆస్పత్రి లోపల కూడా చెవిలోనే.

మేం మాత్రం పురుగో పామో మాటల్ని బట్టి తేల్చం. శుభ్రమైన పొడి గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, స్టాండులో పెట్టి, 20 నిమిషాలు ఎవర్నీ ముట్టుకోనివ్వం. తర్వాత ఒక్కసారి వంచి చూస్తాం. గడ్డకడితే కాస్త ఊపిరి పీల్చుకుంటాం. నీళ్లలా జారిందంటే పింజరి జాతి విషం లోపల పని మొదలుపెట్టినట్టే. కట్లపాము అయితే ఈ పరీక్షకి దొరకదు. నిద్రలో కుట్టి పోతుంది, గాటు కూడా సరిగ్గా కనపడదు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. ఆ కేసుల్లో మాత్రం "ఏదో పురుగు కుట్టిందనుకున్నా" అన్న మాట నిజంగా అమాయకంగానే వస్తుంది. అప్పుడు నాకు టెన్షన్ ఇంకా ఎక్కువ.

పేరు ఎత్తకుండా ఉండటానికి మనిషికి రెండు దారులున్నాయి. ఒకటి పెద్ద చెయ్యడం. గోదావరి, కృష్ణా జిల్లాల్లో నాగుపాముని సుబ్బారాయుడు అంటారు. మశూచిని అమ్మవారు అన్నారు. సైబీరియాలో యాకూట్‌లు ఎలుగుబంటిని 'ఎహె' అంటారు, అదే మాటకి తాత అని అర్థం. రెండోది చిన్న చెయ్యడం. పాముని పురుగు అన్నా, తోడేలుని కుర్ట్ అన్నా అదే. నువ్వు నాకు లెక్కలోకే రావు, నులిపురుగువి అని దాని ముందే అనడం. మొదటి దాంట్లో బతిమాలడం ఉంది, రెండో దాంట్లో కొంచెం తెలివీ కొంచెం కసీ ఉన్నాయి. నాకు రెండోదే ఇష్టం.

తుర్కిక్ భాషల నిండా తోడేలుకి ఇలాంటి మారుపేర్లే. యాకూట్‌లు 'తోక ఉన్నవాడు' అంటారు. వోల్గా ఒడ్డున చువాష్‌లు 'పొడుగు తోక' అంటారు. కజఖ్‌లు 'ఇత్ కుస్' అంటారు, కుక్కా పిట్టా అని, అదేదో మామూలు విషయమైనట్టు.

ఆ ఇత్ కుస్‌కి కిర్గిజ్‌లో ఇత్ కుష్ అంటారు. ఆ మాట నేను విన్నది పుస్తకంలో కాదు. క్లాస్‌మేట్ వాళ్ల బాబాయి ఎండాకాలంలో గొర్రెల్ని తోలుకుని సోంగ్ కోల్ సరస్సు పక్కన మేతకి పోతాడు. 3000 మీటర్ల ఎత్తు, చెట్టన్నది లేదు, జూలైలో కూడా రాత్రి దుప్పటి మీద దుప్పటి కప్పుకోవాలి. మమ్మల్ని కూడా తీసుకెళ్లారు. సాయంత్రం మంద లోపలికి వస్తుంటే ఆయన దొడ్డి గుమ్మం దగ్గర నిలబడి, ప్రతి గొర్రె వీపు మీదా చెయ్యి వేస్తూ లెక్క పెట్టుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి, మాట బయటికి రావట్లేదు. లెక్క అయ్యేదాకా ఎవరూ పలకరించలేదు. తర్వాత టీ దగ్గర, నాకు వచ్చిన నాలుగు ముక్కలూ కూడబలుక్కుని "బైకే, ఇక్కడ కరిష్కిర్ వస్తుందా?" అని అడిగాను. కరిష్కిర్ అంటే కిర్గిజ్‌లో తోడేలు, బైకే అంటే అన్నా అన్నట్టు. ఆయన నా వైపు చూడకుండా చక్కెర ముక్క నోట్లో వేసుకుని, "ఇత్ కుష్ అన్నాక రాకుండా ఉంటాయా" అన్నాడు. నా మాటని ఆయన నోట్లోకి తీసుకోలేదు. అదే మనిషి మెడలో తోడేలు గోరు కట్టుకుని ఉన్నాడు. బిష్కెక్ ఓష్ బజార్‌లో ఆ గోళ్లూ పళ్లూ రక్షగా అమ్ముతారు.

అందుకే నాకు ఆడతోడేలు కథ మీద కంటే ఈ దొడ్డి గుమ్మం మీద నమ్మకం ఎక్కువ. తోడేలు వంశం, తోడేలు జెండా, తోడేలు సైన్యం అన్నవి రాతి మీద చెక్కించుకోగలిగిన వాళ్ల మాటలు. వాళ్ల గొర్రెల్ని వేరేవాళ్లు కాసేవాళ్లు. తెల్లారి లేచి చూస్తే పది గొర్రెలు గొంతు తెగి పడుంటే ఏడ్చేది ఎవరో, తోడేలు పేరు మార్చిందీ వాళ్లే. బోరిని కుర్ట్ చేసింది ఏ కాగనూ కాదు, మంద పోతే ఏడాదంతా పస్తులుండాల్సిన గొర్రెలకాపరులు. తర్వాత ఎప్పుడో వాళ్ల వారసులు రాజ్యాలు ఏలి, తోడేలు గొప్పతనం మళ్లీ గుర్తొచ్చి పాటలు కట్టుకుంటే, అప్పటికి చేతిలో ఉన్న మాట పురుగే. దాన్నే నెత్తిన పెట్టుకున్నారు. దెదె కోర్కుత్ కథలని ఓఘుజ్‌ల పాత వీరగాథలున్నాయి. వాటిలో ఊరు దోపిడీ అయిపోయిన సలూర్ కజాన్ అనే వీరుడు దారిలో తోడేలుని చూసి, కుర్ట్ ముఖం శుభం, దాన్నే కబురు అడుగుతాను అంటాడు. ఎక్కడ మొదలైన మాట ఎక్కడికి వచ్చిందో చూడండి.

టర్కీలో ఆసియా వైపున్న అనటోలియా పల్లెల్లో మాత్రం పాత భయం పోలేదు. ఒక గొర్రో మేకో రాత్రికి కొండ మీద తప్పిపోతే, దాన్ని తోడేలు ముట్టకుండా 'కుర్ట్ నోరు కట్టడం' అని ఒకటి చేసేవాళ్లు. తెలిసిన పెద్దమనిషి దగ్గరికి పోతే, ఆయన మడత కత్తి తెరిచి, దాని మీద దువా చదివి, ఊది, కత్తి మూసేస్తాడు. కత్తి మూసి ఉన్నంతసేపూ ఆ కొండ మీద తోడేలు నోరు తెరుచుకోదని నమ్మకం. గొర్రె ఇంటికొచ్చాక కత్తి మళ్లీ తెరవడం మర్చిపోకూడదు, లేకపోతే పాపం తోడేలు ఆకలితో చస్తుంది.

మారుపేరుతో ఒక చిక్కుంది. నాలుగు తరాలు వాడేసరికి అదే అసలు పేరైపోతుంది. కుర్ట్ అనగానే తోడేలే కళ్ల ముందుకి వస్తే ఇక దాచిందేముంది? అప్పుడు దాన్ని కూడా మార్చాలి. అజర్‌బైజాన్‌లో అదే జరిగింది. కుర్ద్ ఉన్నా, జనం నోట్లో తోడేలుకి ఎక్కువగా 'జానవార్' నడుస్తుంది. హైదరాబాదు వాళ్లకి పరిచయం చెయ్యక్కర్లేదు, ఫారసీ జాన్వరే. మన దగ్గర ఏ జంతువైనా జాన్వర్, అక్కడ ఆ ఒక్కటి. టర్కీ పల్లెల్లో కూడా ఈ వాడుక ఉంది.

తుర్క్‌మెన్‌లు చేసింది ఇంకా బాగుంది. వాళ్లు తోడేలుని 'మొజెక్' అంటారు. అదే భాషలో 'మోర్ మొజెక్' అంటే చీమలూ దోమలూ పురుగూ పుట్రా. టర్కీ భాషలో పురుగుకి ఉన్న ఇంకో మాట 'బొజెక్'. అంటే తోడేలుకి పురుగు పేరు ఒకసారి పెట్టి, అది పాతబడిపోతే ఇంకో పురుగు పేరు వెతికి తెచ్చి పెట్టారు. ఒకసారి అయితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. రెండోసారి కూడా పురుగే దొరికిందంటే, నేను మాత్రం భయం అన్న వాదనకే ఓటేస్తాను.

దీనికి ఎదురు లెక్క కూడా చూసుకోవచ్చు. కుల్ తెగిన్ రాతి మీద, తోడేలు పక్క వాక్యంలోనే గొర్రె ఉంది. అక్కడ దాని పేరు 'కొన్య్'. ఈ రోజు టర్కీలో 'కొయున్', కజఖ్, కిర్గిజ్ భాషల్లో 'కొయ్', ఉజ్బెక్‌లో 'కుయ్'. పదమూడు వందల ఏళ్లు, చైనా గోడ దగ్గర్నుంచి మధ్యధరా దాకా దూరం, అయినా గొర్రె గొర్రెగానే ఉంది. దాన్ని చూసి ఎవడూ భయపడలేదు, మారుపేరు అవసరం రాలేదు. పైగా ఆ పేరు పెట్టుకుని రాజ్యం కూడా ఏలారు. 15వ శతాబ్దంలో తబ్రీజ్ నుంచి ఏలిన తుర్క్‌మెన్ వంశం పేరు కారా కొయున్లు, నల్ల గొర్రెల వాళ్లు. తెల్ల గొర్రెల వాళ్లు, అంటే అక్ కొయున్లు, వాళ్లని ఓడించి తరిమేశారు. ఆ నల్ల గొర్రెల కుటుంబంలోని ఒక కుర్రాడు హమదాన్ వైపు నుంచి బతుకుతెరువుకి దక్కన్ వచ్చి, బహమనీల కొలువులో చేరి, పైకొచ్చి, 1518లో గోల్కొండలో సొంత రాజ్యం పెట్టుకున్నాడు. ఆయనే సుల్తాన్ కులీ. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర టికెట్ తీసుకుని లోపలికి వెళ్తే ఆయన సమాధి కూడా అక్కడే ఉంటుంది.